చిక్కటి నీళ్లు

ఫ్యాక్టరీలో నాది కర్రపెండలం పిండిని మార్చే పని. సగ్గుబియ్యం చేసే దుంప పిండే అది. రసాయనాలేవీ కలపం. పిండిని నీళ్లలో కలిపి, లోపల ఆవిరి తిరిగే పెద్ద ఇనుప రోలరు మీద పోస్తాం. అది పలచని పొరగా ఉడికి అక్కడే ఆరిపోతుంది. బ్లేడు గీకిన ఆ పొరను మళ్లీ పొడి కొడతాం. పచ్చి పిండిని చన్నీళ్లలో వేస్తే అడుక్కి దిగిపోతుంది. ఇలా ఒకసారి ఉడికి ఎండిన పిండి మాత్రం చన్నీళ్లనే చిక్కబరుస్తుంది. సూపు పొడులు, కేకుల్లో పెట్టే పండ్ల గుజ్జు చేసే కంపెనీలవాళ్లు కొనుక్కుపోతారు. నాయుడుపేటలో నేను చేసేదేమిటో మా చుట్టాలకు ఎంత చెప్పినా అర్థం కాలేదు. మా నాయనకు ఒక్కసారి చెబితే చాలింది. నగరిలో మగ్గం నేసినంత కాలం పడుగు నూలుకు గంజి పెట్టిన మనిషి.

పోయిన వేసవిలో నాయనకు పక్షవాతం వచ్చింది. తిరుపతి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, మామూలు నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయని, పొడి కలిపి కొంచెం చిక్కగా చేసి తాగించమని చెప్పారు. మింగడం నేర్పించే ఒకామె పొడి డబ్బా తీసుకొచ్చి, ఎంత వెయ్యాలో మా అమ్మకు చూపించబోయింది. నేను అడ్డం పడ్డాను.

"మేము చేసేది ఇదే మేడం. నాకు నేర్పించే పని లేదు."

ఆమె నా మొహం చూసి డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చేసింది. ఆ డబ్బాను ఇంట్లో అలమరలో పడేసి, ఫ్యాక్టరీ నుంచి మా పిండే తెచ్చాను.

మేముండేది తిరుపతిలోనే, అక్కడికి కంపెనీ బస్సు తెల్లవారకముందే వస్తుంది. బయల్దేరే ముందు జగ్గు నిండా నీళ్లు కలిపి మూత పెట్టి, "ఇవే తాపమ్మా, ఇంకేమీ ఇయ్యొద్దు" అని పోయేవాణ్ణి. తొట్లకు తొట్లు కలిపే నాకు, గ్లాసు గ్లాసుకూ విడిగా కలపడం వేళ్లతో సముద్రం తోడినట్టు అనిపించింది. కలిపి వదిలేస్తే పిండి నీళ్లు పీలుస్తూనే ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ బిగుస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట చెప్పేది నేనే. ఇంట్లో జగ్గుకు మూత పెడుతున్నప్పుడు అది ఒక్కసారి కూడా తట్టలేదు.

నాయన మాట ముద్దగా వచ్చేది, ఎగతాళి మాత్రం పోలేదు.

"ఏంరా, నాకు గంజి పెడతాండావు? నేనేమన్నా పడుగునా?"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మంచినీళ్లు ఒక్క గ్లాసు ఇయ్యరా అబ్బా."

"ఇస్తే పానం మీదికొస్తాది నాయనా."

"వస్తే రానీ. ఈ దప్పికతో ఉండలేను."

ఆయన మంచానికి ఎదురుగా మూలలో నీళ్ల కుండ ఉండేది. రోజంతా దాన్నే చూస్తున్నాడని అమ్మ చెప్పింది. మరుసటి రోజు నేను చేసిన పని, ఆ కుండను ఎత్తి వంటింట్లో తలుపు వెనక పెట్టడం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం సమస్య తీర్చాననుకున్నాను.

కుండ తీసేశాక కూడా అమ్మ మళ్లీ ఆయన సంగతే ఎత్తింది. "మీ నాయన ఒక గుక్క గూడా మింగలేదురా. నోట్లో పెట్టుకోని అట్నే కూసోనుండాడు. కడాకు ఊంచేసినాడు."

"బుజ్జగించి తాపల్ల గదమ్మా. ఈ పిండి గురించి నాకే చెప్తావా?"

"మీ ఫ్యాక్టరీలో ఎవురికి తాపుతావురా నువ్వు? ఆడ వద్దనేవాడు ఉండాడా?"

అరిచాను. ఏమని అరిచానో గుర్తుంది, రాయలేను. ఆ తర్వాత అమ్మ నాకు చెప్పడం మానేసింది.

ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా ఫోన్ చేసింది. నాయనకు జ్వరం, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నేను ఆసుపత్రికి చేరేసరికి సెలైన్ ఎక్కిస్తున్నారు. ఒంట్లో నీళ్లు లేవు, కిడ్నీల దాకా వచ్చింది, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. ఇంటి నిండా నీళ్లుండి మా నాయన దప్పికతో ఎండిపోయాడు.

రెండోరోజుకు ఆయన తేరుకున్నాడు. మింగడం నేర్పించే ఆమె వచ్చి, ఇంట్లో ఏం తాపుతున్నారో తెచ్చి చూపించమంది. అమ్మ ఇంటికి పోయి, జ్వరం వచ్చిన రోజు పొద్దున నేను ఎప్పటిలాగే కలిపి వదిలేసిన జగ్గును ఫ్రిజ్‌లోంచి తెచ్చింది. ఆమె జగ్గును వంచింది. నీళ్లు జారలేదు. ఇంకా వంచితే ముద్దగా గ్లాసులో పడింది.

"పొద్దున్నే కలిపి పోతాడు మేడం. సాయంత్రానికి ఇట్లయితాది" అంది అమ్మ. నా మీద చాడీగా కాదు, ఉన్నది ఉన్నట్టు.

"మీరు ఎప్పుడన్నా తాగి చూసినారా సార్?"

చూడలేదు. చిక్కదనం కొలిచే మిషన్ ముందు ఇన్నేళ్లు కూర్చున్నాను గానీ, నాయన చేత తాగించిన నీళ్లు ఒక్క చెంచా నోట్లో వేసుకోలేదు. అప్పుడు వేసుకున్నాను. రుచి లేదు. నాలుక మీద నిలబడింది. మింగితే, ముందుకంటే నోరు ఎక్కువ పిడచగట్టింది. చెయ్యి దానంతటదే నా నీళ్ల బాటిల్ మీదికి పోయింది. మంచం మీద నుంచి నాయన ఆ బాటిల్‌నే చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడు ఇంట్లో వాడేది ఆమె ఇచ్చిన డబ్బా. అమ్మ నేర్చుకుంది. ఒక్కో గ్లాసే, తాగే ముందే, నూనె జారినంత పలచగా కలుపుతుంది. నాయన ఆమె చేతి నుంచి తాగుతాడు. నా చేతి నుంచి తాగడు.

పోయిన ఆదివారం నేనే కలిపాను. ఆయన చూస్తుండగా సగం తాగి, గ్లాసు ఆయన పెదవుల దగ్గర పెట్టాను. పళ్లు బిగించి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మంచిగా ఉండాయి నాయనా. సూడు, నేనే తాగినా."

"మీ యమ్మను పిలువు."

పిలిచాను. అమ్మ నా చేతిలోని గ్లాసే తీసుకుని చెంచాతో పట్టింది. నేను గుమ్మం దాకా జరిగి, ఆయన గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను. మిగిలినవన్నీ తాగాడు.