ఆర్విల్ వేసిన ఇనుప కడియం

మా అన్న ఆర్విల్ స్టాంపర్ తనకిష్టమైన పని చేస్తూ పోయాడని అంత్యక్రియల నాడు ఎంతమంది అన్నారో. చిక్కుళ్ల గిన్నె నా చేతిలో పెడుతూ ఒకరు, భుజం తడుతూ ఒకరు. చివరికి పాస్టరు కూడా సమాధి పక్కన నిలబడి అదే మాట అన్నాడు. గిన్నె తీసి ఎవరి నెత్తిన కొడదామా అనిపించింది. మా అన్నకు ఇష్టమైంది పందెంలో ట్రక్కు గీత దాటి, మళ్లీ తన చక్రాల మీద తానే ఇంటికి రావడం. ఆ రోజు అలాంటిదేమీ జరగలేదు.

ఆర్విల్ వయసులో ఉండగా ఈ కొండల్లో బొగ్గు లారీ నడిపాడు. గని మూతపడ్డాక, మూతపడిన పెట్రోలు బంకు వెనక షెడ్డులో గేర్‌బాక్సులు బాగుచేయడం మొదలుపెట్టాడు. మా కెంటకీ లోయలో శనివారం మధ్యాహ్నం మగవాళ్లంతా పందెం రోడ్డు దగ్గరే ఉంటారు. వారమంతా పనికి తోలుకెళ్లే పికప్ ట్రక్కులనే, నంబరు ప్లేట్లు కూడా విప్పకుండా, జంటలుగా పావుమైలు పరుగెత్తిస్తారు. ఆ ట్రక్కుల్లో సగం ఏదో ఒక రోజు ఆర్విల్ షెడ్డుకు ఈడ్చుకొచ్చినవే.

ఇంజను బలం కొలిపించి, ఆ కాగితం అద్దానికి అంటించుకుని వచ్చేవాళ్లంటే వాడికి ఒళ్లు మండేది.

"ఆర్విల్, చూశావా? తొమ్మిది వందల హార్స్‌పవర్!"

"చూశా. బండి బరువెంత?"

"బరువుతో పనేముంది?"

"పో. బొగ్గు కాటా ఎక్కించి రా. నువ్వు కూడా లోపలే కూర్చో. పొద్దున మింగిన బిస్కట్ రొట్టెలూ గ్రేవీతో సహా తూగాలి."

తూచుకుని వచ్చాక అసలు తిట్లు మొదలయ్యేవి. "చిన్న కారైతే టైరు గిర్రున తిరిగి జారుతుందిరా. జారినంతసేపూ లోపలి సామాను బతుకుతుంది. నీది మూడున్నర టన్నుల దున్నపోతు. కింద జిగురు కొట్టిన రోడ్డు. నాలుగు చక్రాలూ పట్టేసుకుంటాయి, జారవు. మరి నీ తొమ్మిది వందలూ ఎక్కడికి పోవాలి, మీ అత్తగారింటికా? గేర్‌బాక్సులో క్లచ్చులు మాడతాయి. లేకపోతే ఇరుసు విరుగుతుంది. అదీ కాకపోతే షాఫ్ట్ తెగుతుంది. ముందు అవి మార్చు. ఇంజను సంగతి ఆఖర్న చూద్దాం."

మావాళ్లంతా దీన్ని తిరగేసి చేస్తారు. ఇంజను గర్జిస్తే పదిమందీ తిరిగి చూస్తారు. బండి కింద తిరుగుతూ ఆ బలాన్ని చక్రాలకు మోసే షాఫ్ట్ ఎవడికి కనబడుతుంది? దాని పేరున అద్దానికి కాగితం అంటించుకున్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఆర్విల్ నోరు మంచిది కాదు. రెంచీలు విసిరేవాడు. పెళ్లాం ఒక చలికాలం భరించి వెళ్లిపోయింది. ఆదివారం మా ఇంటికి భోజనానికొస్తే మొక్కజొన్న రొట్టె ఎండిపోయిందని నాతోనూ జగడమే, తినడం మాత్రం మూడో ముక్కదాకా తినేవాడు. కానీ వాడు సరేనన్న బండి గీత దగ్గర విరిగిందని ఎవరూ చెప్పగా వినలేదు.

గ్రేడీ కాడిల్‌ది టైర్ల దుకాణం. ఆర్విల్‌కు బళ్లో చదువుకున్నప్పటి నుంచీ స్నేహితుడు. సరిహద్దు అవతల వర్జీనియా నుంచి వచ్చినవాడొకడు గ్రేడీని వరసగా ఓడించాడు. దాంతో గ్రేడీ ఇంజను బలం పెంచుకుని అప్పుడు ఆర్విల్ దగ్గరికి వచ్చాడు. ఆర్విల్ తిట్టి, లావుపాటి షాఫ్ట్ ఒకటి తెప్పిస్తానన్నాడు. ఈలోగా పాతది తెగినా కిందే వేలాడేలా, దాని చుట్టూ ఇనుప కడియం ఒకటి బిగించి వెల్డింగ్ చేశాడు.

"ఒరేయ్ గ్రేడీ, కొత్తది వచ్చేదాకా బ్రేకు తొక్కిపెట్టి టర్బోలో గాలి నింపకు. మెల్లగా కదిలించు. ఓడిపోతే ఓడిపో, చచ్చిపోవులే."

"సరేలేవయ్యా తాతా," అన్నాడు గ్రేడీ నవ్వుతూ.

బండి కదిలేటప్పుడు వెనక ఇరుసు ఎలా మెలి తిరుగుతుందో ఆర్విల్ దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూసేవాడు. వీడియో చూపిస్తే నమ్మేవాడు కాదు. అయితే అంత దగ్గరగా కూర్చునేది తన కడియం ఉన్న బండి పక్కనే. మిగతావాళ్ల బళ్లు కాంక్రీటు గోడ అవతలి నుంచే చూసేవాడు.

ఆ శనివారం గ్రేడీ బండి పక్కన కూర్చున్నాడు. గ్రేడీ బ్రేకు తొక్కిపెట్టి యాక్సిలరేటర్ అదిమాడు. ట్రక్కు వణికింది. పచ్చ లైటు వెలిగింది. షాఫ్ట్ తెగి, ముక్క పక్కకు ఎగిరి ఆర్విల్‌ను కొట్టింది.

తర్వాత ట్రక్కును క్రేనుతో ఎత్తినప్పుడు నేను దాని కిందకి చూశాను. కడియం లేదు. నా పక్కన ఉన్న మగవాళ్లు కూడా చూశారు. చూసి టోపీలు సర్దుకున్నారు. ఎవరి బండి వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా గ్రేడీ మా వంటింట్లో కూర్చున్నాడు. ఆర్విల్ పేరు మీద పందెం పెడుతున్నారట. బ్యానర్ కుట్టించారట. మొదటి పరుగు తనదేనట.

"కడియం ఏమైంది?" అన్నాను.

కాఫీ కప్పు కింద పెట్టాడు. "కొత్త పొగగొట్టానికి అడ్డొచ్చింది జొనెల్. కోసేశా. తర్వాత మళ్లీ వేయిద్దామనుకున్నా."

"వాడికెందుకు చెప్పలేదు?"

"చెప్తే నలుగురిలో తిట్టిపోసేవాడు. మీ అన్న కోపం నీకు తెలీదా? ఎవడికుంటుంది ఆ ధైర్యం?"

"తిట్టేవాడు. నిజమే. తిడితే నీకేం విరిగేది?"

వాడు మళ్లీ కప్పు అందుకున్నాడు.

"వాడి కోపం మీదకి నెట్టకు. తన కడియం ఉందనుకునేగా వాడు నీ చక్రం పక్కన కూర్చుంది! పందెం రోజున మైకులో ఈ మాట చెప్పు. చెప్పకపోతే ఆ బ్యానర్ నేనే పీకేస్తా."

"అందరికీ తెలిసిందే కదా చెల్లెమ్మా..."

"చెల్లెమ్మా అనకు. తెలిసిందే అయితే చెప్పడానికి ఏడుపెందుకు?"

పందెం రోజున లోయంతా అక్కడే ఉంది. నేను బ్యానర్ కట్టిన స్తంభం దగ్గరికి వెళ్లి తాడు పట్టుకుని నిలబడ్డాను. గ్రేడీ మైకు అందుకున్నాడు.

"మన ఆర్విల్ తనకిష్టమైన పని చేస్తూ..."

ముడి విప్పడం మొదలుపెట్టాను. వాడు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"షాఫ్ట్ కింద ఆర్విల్ కడియం వేశాడు. నేను కోసేశా. పొగగొట్టం పట్టలేదని. వాడికి చెప్పలేదు. బ్రేకు తొక్కొద్దన్నాడు, అదీ తొక్కా."

"ఇప్పుడివన్నీ ఎందుకురా గ్రేడీ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"నోర్మూసుకోరా! చెప్పనీ," అని అరిచాడు గ్రేడీ. "ఉందనుకుని కూర్చున్నాడు. లేదని నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు."

తర్వాత వరసలో ఉన్నవాళ్లలో కొందరు వెల్లకిలా పడుకుని తమ ట్రక్కుల కిందకి దూరారు. ఒకడు బయటికొచ్చి, చొక్కా దులుపుకుని, మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. వాడి వెనక ఇంకొకడు. పందెం మాత్రం ఆగలేదు. మా వాళ్లు అంత మారిపోయేవాళ్లు కాదు. గ్రేడీ మాత్రం పరుగు తియ్యలేదు. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"చెప్పా కదా జొనెల్. ఇప్పటికైనా కోపం తగ్గిందా?"

"లేదు," అన్నాను.

ఆ చెయ్యి నేను పట్టుకోలేదు. సగం విప్పిన ముడి మళ్లీ గట్టిగా బిగించి కట్టాను.