క్రియ లేని మేష్టారు

మేష్టారు క్రియాపదం వాడరు. తింటారు, నడుస్తారు, గురక కూడా పెడతారు. ఆ పనుల పేర్లు మాత్రం నోటితో అనరు.

ద్వీపాల భాషల మీద కాలేజీలో జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. అక్కడ "ఆయన జాలరి", "నా పడవ ఇసుక మీద", "నా పిల్లలు ముగ్గురు" అంటే చాలట, క్రియతో పనే లేదట. ఆ మాటకొస్తే మనమూ కొన్ని అలాగే అంటాం. అన్నీ అలాగే అనాలన్న బుద్ధి ఆయనకే పుట్టింది. అదీ ఎప్పుడు? భార్య తల్లిని పక్షవాతంతో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలోనే.

"అమ్మకి చెయ్యి పడిపోయింది, ఈయనకి క్రియ పడిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు నాకు," అని భార్య వాపోయింది.

ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పొద్దంతా జనానికి జవాబులు చెప్పి, ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేది. గుమ్మంలోనే స్వాగతం.

"వంటింట్లో కుళాయి. నేల మీద నీళ్ళు."

"కారుతోందని చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"ముత్యాలు సముద్రంలో."

ప్లంబరు వచ్చి ఏం చెయ్యాలని అడిగితే, "నీళ్ళు కుళాయిలో, నేల పొడి, నువ్వు గొప్పవాడివి," అన్నారు. అతను మురిసిపోయి పక్కింటి కుళాయి కూడా బాగుచేసి వెళ్ళాడు.

తల్లి సంగతి ఆవిడకి ఇంకా బరువు. ఆ పెద్దావిడకి మాట తిరిగొచ్చింది గానీ క్రియలు రాలేదు. "నీళ్ళు... గ్లాసు..." దగ్గరే ఆగిపోయేది. చూడవచ్చిన చుట్టం ఒకామె కిసుక్కున నవ్వింది. అంతే, పెద్దావిడ మళ్ళీ పెదవి విప్పలేదు. మాట్లాడకపోతే ఉన్న మాటలూ పోతాయన్నాడు డాక్టరు. కూతురు బతిమాలింది, కసిరింది, చివరికి అలిసిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ తలనొప్పితో ముందే ఇల్లు చేరింది. వెనక గదిలో రెండు గొంతులు వినబడ్డాయి.

"అత్తయ్యగారూ, ఈ కాఫీ?"

"చల్లన. దరిద్రం."

"తప్పు ఎవరిది?"

"అల్లుడిది. మొద్దు అల్లుడు!"

"శభాష్! ఆ ద్వీపాల్లో మీరు పండితురాలు."

తల్లి నవ్వింది. మూతి కొంచెం వంకర పోయింది గానీ, అది పాత నవ్వే.

ఆవిడ సంచీ భుజాన ఉండగానే నిలబడిపోయింది. ఇంట్లో తల్లి ఒక్కతే అలా మాట్లాడుతున్నట్టు ఉండకూడదని, ఈ మనిషి ప్లంబరు దగ్గర కూడా వ్రతం తప్పలేదన్నమాట!

"నాకెందుకు చెప్పలేదండీ?"

"సంజాయిషీకి క్రియ అవసరం," అన్నారు మేష్టారు, తల గోక్కుంటూ.

ఆవిడకి కోపమూ వచ్చింది, ప్రేమా వచ్చింది. రెండింటికీ ఓపిక లేక తల్లి మంచం మీద కూలబడింది.

"అమ్మా... నా కాళ్ళు... రెండూ నొప్పి."

తల్లి బాగున్న చేత్తో తలగడ ఇటు తోసి, అల్లుడి వైపు తిరిగింది.

"కాఫీ. వేడిది. ఇద్దరికి!"

అందులో క్రియ లేదు. అయినా మేష్టారు వంటింట్లోకి పరుగు తీశారు.