సెలవు రోజు దయ్యం

నా చిన్నప్పుడు సూరత్‌లో మేమున్న ఇళ్ల లైనుకు ఒక దయ్యం ఉండేది. అది అర్ధరాత్రి తిరిగే రకం కాదు. వారానికి ఒక్కరోజు, అదీ పట్టపగలు, సాంచెలు ఆగిన రోజున మాత్రమే వచ్చేది. సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మావాళ్లు అట్లాగే అనేవాళ్లు. మిగతా ఆరు రోజులూ షెడ్లలోంచి వచ్చే చప్పుడుకు పక్క మనిషి మాటే వినపడేది కాదు, ఇక దయ్యం గొడవ ఎవరికి పట్టింది? వారానికోసారి కరెంటు ఆపి సెలవు ఇచ్చినప్పుడు మాత్రం మా చెవులు ఏమైపోయాయా అనిపించేది. ఆ నిశ్శబ్దంలో, ఎండ నడినెత్తికి వచ్చేసరికి, లైను చివరి ఇంటి కప్పు మీద ఎవరో నడుస్తున్నట్టు టక్కు టక్కుమని వినిపించేది. కాసేపటికి సముద్రం వైపు నుంచి గాలి లేచేది. అప్పుడు ఆ ఇంటి లోపలి నుంచి పొడుగ్గా ఒక నిట్టూర్పు వచ్చేది. అంట్లు తోముకుంటున్న ఆడవాళ్లు చేతులాపి, చెంపలేసుకుని, మళ్లీ పని మొదలుపెట్టేవాళ్లు.

ఆ ఇల్లు మా మేనత్తది. మా బాపుకు అక్క ఆమె. మాకంటే ముందే సూరత్‌కు వచ్చింది. మా మామ పోయాక, పది నెలల కూతురితో ఆ ఇంట్లో ఒక్కతే ఉండేదట. ఒక వానాకాలంలో ఆ పిల్ల చనిపోయింది. ఇంట్లో దయ్యం ఉందని, అదే తన బిడ్డను తీసుకుపోయిందని మా అత్త లైనులో అందరికీ చెప్పి, తలుపుకు గొళ్లెం పెట్టి, తెలిసినవాళ్ల ఇంట్లో తలదాచుకుంది. ఏడాది తిరిగాక మేము ఊరి నుంచి వచ్చి అదే లైనులో పాత రేకుల ఇల్లొకటి కొనుక్కున్నాం. అప్పటి నుంచి ఆమె మాతోనే ఉండి, సాంచెలకు నూలు కండెలు చుట్టి నాలుగు పైసలు తెచ్చేది. ఆ చివరి ఇంటిని ఎవరూ కొనలేదు, ఎవరూ అద్దెకు అడగలేదు.

నేను మొండిదాన్ని. వెళ్లొద్దన్న చోటికి వెళ్లకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తుంటే, ఆ ఇంటి దగ్గరికి వెళ్లి తలుపు సందులో ఒక కన్ను పెట్టాను. లోపల చిమ్మచీకటి. ఆ చీకట్లో పైన నక్షత్రాలున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఇల్లంతా పరుచుకుని ఉన్నాయి. బయట ఎండ నా వీపు మాడుస్తోంది, లోపల నక్షత్రాలు మెరుస్తున్నాయి. నేను చూస్తుండగానే అవన్నీ ఒక్కసారి కదిలి, మళ్లీ సర్దుకున్నాయి. ఇంటికి ఎట్లా పరుగెత్తానో నాకు గుర్తులేదు. రెండు రోజులు జ్వరం పడ్డాను. మా అమ్మ ఉప్పు తిప్పి దిష్టి తీసింది. ఎక్కడికి వెళ్లావని ఎంత అడిగినా నేను నోరు విప్పలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా సొంత కప్పు గొడవ వచ్చిపడింది. రేకులు తుప్పు పట్టి చేత్తో తాకితే రాలుతున్నాయి. వానలు ఇంకో నెలలో వస్తాయి. మా అమ్మకు ఏడో నెల. వానాకాలం నడుమ బిడ్డ పుడుతుంది. మంత్రసాని వచ్చి, పైకి చూసి, ఈ కప్పు కింద పసిగుడ్డును ఎట్లా పెట్టుకుంటారమ్మా అని వెళ్లిపోయింది. ఆ మాట మా బాపుకు ముల్లులా గుచ్చుకుంది.

ఇద్దరు మేస్త్రీలను పిలిపించాడు. మొదట వచ్చినవాడు ముసలి గుజరాతీ మిస్త్రీ. వస్తూనే నిచ్చెన వేసుకుని పైకెక్కి, సగం పూట అక్కడే ఉన్నాడు. ఒక్కొక్క వాసాన్నీ గోటితో గుచ్చి చూశాడు. వానాకాలంలో గాలి ఏ వైపు నుంచి కొడుతుందని రెండుసార్లు అడిగాడు. కిందికి దిగి, వెనక గది వాసాలు కూడా మార్చాలని చెప్పి, తన ధర చెప్పాడు. మా బాపు మంచం మీద కూలబడ్డాడు.

రెండో ఆయన మనవాడే, మా ఊరికి పక్క ఊరివాడు. వాకిట్లో నిలబడి, చాయ్ తాగుతూ, చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పు వైపు ఒకసారి చూశాడు. ముసలాయన చెప్పిన దాంట్లో సగం ధర చెప్పాడు. "అన్నా, మనోల్ల కాడ నేను ఎక్కువ దీసుకుంటనా? మూడు రోజులల్ల అయిపోతది. తళతళ మెరుస్తది సూడు నీ ఇల్లు," అన్నాడు. మా బాపు ముఖం విప్పారింది. మన భాష, మన ఊరు, పైగా సగం ధర, ఇంకేం కావాలి? మిగిలిన డబ్బుతో పుట్టబోయే బిడ్డకు ఇత్తడి గొలుసుల ఉయ్యాల కొంటానని అక్కడికక్కడే మా అమ్మకు మాటిచ్చాడు.

మూలన కూర్చుని కండెలు చుడుతున్న మా అత్త చెయ్యి ఆగిపోయింది. ఆ మేస్త్రీ ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు నేను గమనించాను. చాయ్ ఇచ్చింది ఆమే, అయినా గ్లాసు వైపే చూసి తీసుకున్నాడు. ఆ పూట నుంచి రెండు రోజులు మా అత్త అన్నం సరిగ్గా తినలేదు.

మూడో రోజు సెలవు. బయానా తీసుకోవడానికి మేస్త్రీ మధ్యాహ్నమే వచ్చాడు. మా బాపు డబ్బు కోసం పెట్టె తెరవబోతుంటే మా అత్త లేచి నిలబడింది.

"తమ్మీ, జరసేపు నా ఎంబడి రా. మేస్త్రీ, నువ్వు గూడ రావాలె."

మా అమ్మ వద్దంటున్నా వినకుండా నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడికో అర్థమయ్యేసరికి నా కాళ్లు కదల్లేదు. నన్ను దాదాపు ఈడ్చుకుపోయింది. లైనులో ఎవరూ లేరు. గడపల్లో చెప్పులు, దండేల మీద చీరలు, అంతే. చివరి ఇంటి గొళ్లెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆమె రాయితో రెండు దెబ్బలు వేసి ఊడగొట్టింది.

మేస్త్రీ గడప అవతలే ఆగిపోయాడు. "ఇండ్ల దయ్యం ఉన్నదంటరు గదక్కా. నేను రాను," అన్నాడు. ఎండలో నిలబడ్డ మనిషికి పెదాలు తెల్లబడటం నేను చూడటం అదే మొదటిసారి.

మా అత్త ఆయన్ను బలవంతం చేయలేదు. మా ఇద్దరినీ లోపలికి తీసుకుని తలుపు మూసింది. చీకటి. పాత తడి వాసన. పైన అవే నక్షత్రాలు. వాటి వెలుతురు మచ్చలు నేల మీదా, మా బాపు చొక్కా మీదా, నా చేతుల మీదా పడ్డాయి. నెత్తి మీద టక్కుమంది. తర్వాత ఇంకో పక్క టక్కుమంది. మా బాపు దేవుణ్ణి తలుచుకోవడం వినిపించింది. ఇంతలో గాలి లేచింది. కప్పు పొడుగునా ఆ నిట్టూర్పు వచ్చింది. బయటి నుంచి వినడం వేరు, దాని కింద నిలబడి వినడం వేరు. నేల మీది వెలుతురు మచ్చలన్నీ ఒక్కసారిగా గోడ దాకా పాకి, వెనక్కి వచ్చాయి. నడి వాసానికి ఒక తాడు వేలాడుతోంది. దానికి ఏమీ లేదు. అయినా ఊగుతోంది.

మా అత్త ఆ తాడు పట్టుకుని ఆపింది.

"ఈ దయ్యాన్ని పుట్టిచ్చింది నేనే తమ్మీ," అంది.

చీకట్లో ఆమె ముఖం కనపడలేదు, మాటలు మాత్రమే వినపడ్డాయి. ఈ కప్పు వేసింది బయట నిలబడ్డ మేస్త్రీయేనని చెప్పింది. సగం ధరకు వేస్తానంటే సంబరపడి ఒప్పుకుందట. మిగిలిన పైసలతో పిల్లకు వెండి పట్టీలు చేయించిందట. ఎక్కడో విప్పేసిన పాత రేకులు తెచ్చి, వాటికున్న మేకు బొక్కలను తారు ముద్దతో పూడ్చి, పైన వెండిరంగు పూశాడు. తళతళ మెరిసింది. ఒక ఎండాకాలానికే తారు కరిగి కారిపోయింది. మొదటి వానకే ఉయ్యాలలోకి నీళ్లు. ఉయ్యాల ఎటు జరిపినా అక్కడొక ధార. పిల్లకు నిమ్ము చేరింది. నాలుగు రోజులు.

మా బాపు పైకి, వెలుతురు దూరుతున్న ఆ మేకు బొక్కల వైపు చూశాడు. "మరి దయ్యమని ఎందుకు జెప్పినవక్కా?" అని అడిగాడు.

"ఏం జెప్పాలెరా? అగ్గువకు ఆశపడి నా పిల్లను నేనే తడిపిన్నని జెప్పాలెనా? దయ్యమంటే ఎవ్వలు ఏమడగరు." మళ్లీ తనే అంది. "మనం గుడ్డ నేసెటోల్లం. గజం గుడ్డ కొంటే గూడ ఎండకు పట్టి సూస్తం. ఒక్క పోగు తప్పినా పక్కకు పెడతం. గింత కప్పును మాత్రం కిందికెళ్లి ఒక్కపారి సూడలే నేను. మెరుస్తున్నదని మురిసిన."

నాకు భయం పోయింది. దాని బదులు ఏం వచ్చిందో ఆ వయసులో పేరు తెలియలేదు. ఆమె మీద కోపం వచ్చింది, ఆమె కాళ్లు చుట్టేసుకోవాలనీ అనిపించింది. రెండూ నిజమే. నేను ఆమె చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకున్నాను. మేము తలుపు తీసేసరికి బయట మేస్త్రీ లేడు. బయానా కోసం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

మా బాపు వెంటనే ముసలి మిస్త్రీ దగ్గరికి పరుగెత్తబోయాడు. మా అత్త ఆపింది. ఎక్కువ అడిగినవాడు మంచివాడని తాను అనడం లేదని, వాడి పనిని కూడా కింది నుంచే చూడమని చెప్పింది. ఆయన నాలుగైదు వానాకాలాల కింద కప్పు వేసిన ఇల్లొకటి కనుక్కుని ముగ్గురం వెళ్లాం. మిట్టమధ్యాహ్నం వచ్చి, ఒక్క నిమిషం మీ తలుపూ కిటికీలూ మూస్తారా అని అడిగితే ఆ ఇల్లాలు మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసింది. పాపం, మంచి మనిషి, మూసింది. పైన ఒక్క వెలుతురు చుక్క కూడా కనపడలేదు. చీకటి చూసి నేను అంత సంతోషపడింది నా బతుకులో అదొక్కసారే.

ముసలాయన అడిగినంత మా దగ్గర లేదు. ఆ మాటే చెబితే, ముందు గది ఒక్కటి ఈ ఏడు సరిగ్గా వేస్తాను, వెనక గదికి టార్పాలిన్ పట్టా కప్పుకోండి, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. పని చేస్తుంటే నేను కింద కూర్చుని ప్రశ్నలతో ప్రాణం తీసేదాన్ని. విసుక్కుంటూనే జవాబు చెప్పేవాడు. మేకు రేకు మిట్ట మీద పడాలి, పల్లంలో కొడితే పని త్వరగా అవుతుంది కానీ నీళ్లు పోయే దారిలోనే బొక్క పెట్టినట్టు. రేకు మీద రేకు వేసేటప్పుడు పై అంచు గాలికి ఎదురు తిరగకూడదు, తిరిగితే గాలి సందులో దూరి రేకును లేపుతుంది, మూలిగిస్తుంది. ఎండకు బిగువు లేని రేకు టక్కుటక్కుమంటుంది. ఇవన్నీ కప్పు మూసేశాక పైకి కనిపించవు. ధరలో మాత్రం అవే ఉంటాయి. దయ్యం లెక్కంతా నాకు ఆ నాలుగు రోజుల్లో అర్థమైపోయింది.

మా తమ్ముడు జోరువానలో పుట్టాడు. ఆ ఒక్క గదిలో మేమంతా ఇరుక్కుని ఉన్నాం. పొయ్యి, బట్టల మూటలు, కండెల బుట్ట అన్నీ అక్కడే. పాత చీరతో కట్టిన ఉయ్యాల కింద మా అత్త కూర్చుని, గడియకోసారి నేల మీద అరచెయ్యి ఆనించి చూసేది. పొడిగా ఉండేది. మళ్లీ ఆనించేది. ఆ మధ్యాహ్నం మూడోసారో నాలుగోసారో ఆనించి, ఆ చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుని, బిగ్గరగా ఏడ్చింది. అన్నేళ్లలో ఆమె ఏడవడం మేమెవరమూ వినలేదు. మా అమ్మ ఆపమనలేదు. బిడ్డను తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

వానలు వెనకబట్టాక మా అత్త ఆ చివరి ఇంటి రేకులు దగ్గరుండి విప్పించేసింది. సెలవు రోజుల చప్పుళ్లు ఆగిపోయాయి. దయ్యం ఊరు విడిచిపోయిందని లైనులో చెప్పుకున్నారు. ఆమె ఊరుకుంటే ఆ మాటే నిలబడిపోయేది. ఊరుకోలేదు. ఆ తర్వాత ఎవరింట్లో కప్పు వేయించే ఊసు వచ్చినా తానే వెళ్లి, పిల్ల సంగతితో సహా మొత్తం చెప్పేది. కొందరు ముఖం మీదే తల్లివేనా నువ్వు అన్నారు. అయినా మానలేదు.

ఇప్పుడు మేము సూరత్‌లోనే భేస్తాన్‌లో ఉంటున్నాం. మొన్న మేడ మీద పత్రా షెడ్డు, అంటే రేకుల షెడ్డు, వేయించాలని మా అబ్బాయి పని ఒప్పుకునే ఇద్దరు ఠేకేదార్ల ధరలు ఫోన్లో చూపించాడు. ధర తక్కువని వింటే నాకూ మనసు గంతేస్తుంది, అబద్ధమెందుకు. కూరగాయల బండి దగ్గర నా బేరం చూసి మా కోడలు అటు తిరిగి నిలబడుతుంది. కానీ కప్పు విషయంలో మాత్రం, ఆ ఠేకేదార్లు ముందు కట్టిన షెడ్డు కింద నన్నొకసారి కూర్చోబెట్టి, చుట్టూ పరదాలు దించమన్నాను. ముసలితనం అని ఇంట్లోవాళ్లు నవ్వుకున్నారు, తీసుకెళ్లారు.

కప్పును కింది నుంచి చూడటం పిల్లలు కూడా నేర్చుకుంటారు, అదేమంత కష్టం కాదు. నాతో మిగిలిపోయింది మరొకటి ఉంది. ఫలానా ఇంట్లో దయ్యం ఉందని ఎవరైనా చెబితే నేను నవ్వను, భయపడను కూడా. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో కనుక్కుంటాను. వీలైతే వెళ్లి, ఏమీ అడగకుండా, కాసేపు వాళ్ల పక్కన కూర్చుని వస్తాను.