రాయచూరులో పాలు పొంగించిన మా అత్త

తెలంగాణ వచ్చిన కొత్తలో, అంటే మా చిన్నప్పుడు... ఊరంతా సొంత రాష్ట్రం వచ్చిందని చల్లుకున్న రంగులు ఇంకా వదలకముందే, మా అమ్మ నన్నూ చెల్లినీ వెంటేసుకుని ఆ రాష్ట్రం వదిలి రాయచూరు బస్సెక్కింది.

అమ్మానాన్నలకు విడాకులయ్యాయి. అమ్మకు రాయచూరులో ఒక దవాఖానలో నర్సు ఉద్యోగం దొరికింది. అచ్చంపేట నుంచి మేం తెచ్చుకున్న ఆస్తి రెండు సూట్‌కేసులు, ఒక కుక్కర్. దాని విజిల్ మాత్రం నాన్న వాటాకు పోయింది.

బస్సులో అమ్మ మాకు కొత్త రాజ్యాంగం వినిపించింది. ఇకమీద నాన్న వాళ్ళింటి మనుషులెవరూ మనకు ఏమీ కారు... చెల్లి చాలాసేపు ఆలోచించి "మరి అత్త?" అంది. అమ్మ కిటికీ వైపు తిరిగింది.

నాకూ ఆ ఒక్క నిబంధన మింగుడుపడలేదు. అత్త అంటే నాన్న అక్క. నాన్న మమ్మల్ని కొట్టబోతే అడ్డం వచ్చేది... ఆయన అటు పోయాక తనే కొట్టేది. అలాంటి మనిషి మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

కిరాయి ఇంట్లో దిగిన మర్నాడు పాలు పొంగించాలి. మా వైపు ఆ పని ఆడబిడ్డది. భర్త అక్కో చెల్లెలో వచ్చి, పొయ్యి ముట్టించి, పాలు పొంగించి, చీర పెట్టించుకుని పోవాలి. భర్తనే వదిలేసి వచ్చిన ఇంటికి ఆడబిడ్డను ఎక్కడి నుంచి తేవాలో ఏ కోర్టూ చెప్పలేదు. తనే పొంగించుకుంటానని అమ్మ ప్యాకెట్ పాలు తెచ్చింది.

అప్పుడే గుమ్మంలో అత్త... చేతిలో జొన్నరొట్టెల సంచి, చంకలో ఇత్తడి గిన్నె. మా అమ్మమ్మను బతిమాలి అడ్రసు సంపాదించి, మహబూబ్‌నగర్‌లో బస్సు మారి వచ్చిందట.

అమ్మ పాల ప్యాకెట్‌తో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెల్లీ నేనూ తీర్పు కోసం అమ్మ వెనకాల చేరాం.

"మీ తమ్మునికి, నాకు ఇప్పుడు ఏం లేదు" అంది అమ్మ.

"వాని ముచ్చట నేనడిగిన్నా? విడాకులు మీరిద్దరు తీసుకున్నరు. నన్నెవ్వలన్న అడిగిండ్రా?" అంటూ అత్త చెప్పులు విడిచింది. "జర పక్కకు జరుగు పిల్లా, మంచి గడియ పోతాంది."

అమ్మ జరిగింది.

అత్త పాలు పొయ్యి మీద పెట్టింది. అందరం చుట్టూ చేరాం. పాలు లేచాయి... అంచు దాకా వచ్చాయి... అమ్మ చెయ్యి దానంతటదే పోయి గ్యాస్ కట్టేసింది.

అమ్మ తప్పు లేదు. పెళ్ళయిన కొత్తలో పాలు పొంగబెట్టినప్పుడల్లా వాడంతా వినేలా తిట్టి, ఆమెకు ఈ విద్య నేర్పింది సాక్షాత్తూ మా అత్తే. మళ్ళీ ముట్టించారు. మళ్ళీ లేచాయి... అమ్మ మళ్ళీ కట్టేసింది. ఇదేదో ఆట అనుకుని చెల్లి చప్పట్లు కొట్టింది.

ఈసారి అత్త అమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. పాలు అంచు దాటాయి... పొయ్యి మీదికి, గట్టు మీదికి...

"వదినె, గిన్నె మాడుతాంది."

"మాడనియ్యి."

"పొయ్యి ఆరిపోతది వదినె."

"పోనియ్యి. మా ఇంట్ల ఇన్నేండ్లు ఒక్క చుక్క పోనియ్యకుంట కాసినవ్. ఇయ్యాల నీ ఇల్లు. పొంగనియ్యి."

పొయ్యి నిజంగానే ఆరిపోయింది. గ్యాస్ కట్టేసే బాధ్యత నా మీద పడింది, ఎందుకంటే అత్త ఇంకా చేతులు వదల్లేదు. అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో మాకు తెలియలేదు.

సాయంత్రం అమ్మ తన చీరల్లో ఒకటి తీసి పెడితే, అంచు బాగాలేదని అత్త వంక పెట్టింది. అప్పుడు నమ్మకం కుదిరింది మాకు... అత్త ఎక్కడికీ పోలేదని.

ఇప్పుడు హైదరాబాదులో దోస్తులతో కలిసి ఏడాదికో రూము మారుతున్నాను. దిగిన రోజు బిర్యానీ తెప్పించుకుని, డబ్బా మూత తీస్తే గృహప్రవేశం అయిపోయినట్టే. ఎవరికీ చెప్పం... ఎవరూ రారు... గట్టు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

మరి మీ కొత్త ఇంటికి, పిలవకపోయినా వచ్చి పొయ్యి ముట్టించిన వాళ్ళెవరు? కింద రాయండి... మా అత్తకు చదివి వినిపిస్తాను. వాటికీ ఏదో ఒక వంక పెడుతుంది.