ఏడుతో గుణిస్తే

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మేము ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా నాన్న ఫర్నేస్ దగ్గర పనిచేసేవాడు. ఎవరో లెక్క తప్పు చెప్పినందుకు తన పక్కనే ఒక మనిషి కాలిపోవడం చూశాడట. అప్పటినుంచి ఇంట్లో లెక్క తప్పితే బెల్టు తీసేవాడు. పొద్దుటి షిఫ్ట్ దిగి వచ్చాక, అన్నానికి ముందు, నన్ను గోడకి నిలబెట్టి గుణకారాలు అడిగేవాడు. తప్పుకి ఒక దెబ్బ. నాకు తొమ్మిదేళ్లు. అమ్మ నా వీపుకి నూనె రాసేది.

మా పిన్ని డిగ్రీ చదువుకుంటూ మాతోనే ఉండేది. ఒకరోజు వంటింటి నేల మీద సుద్దతో 142857 అని రాసింది. రెండుతో గుణిస్తే 285714. మూడుతో 428571. అవే అంకెలు, అదే వరుస, మొదలు మాత్రం మారుతుంది. చివరి అంకె కనుక్కుంటే చాలు, మిగతాది తిప్పి చదివేయొచ్చు. నాలుగుతో అయితే, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, చివర ఎనిమిది రావాలి, కాబట్టి 571428.

నాన్న రాగానే పిన్నే చెప్పింది.

"బావా, ఈ అంకెని దేంతోటైనా గుణించమను. తప్పితే కొట్టు."

"లచ్చల్లో లెక్క ఇదేటి సెప్తాది?" అని నవ్వాడు.

ఐదన్నాడు. 714285 అన్నాను. ఆరన్నాడు. 857142. నాన్న నేల మీద చేసి చూసుకున్నాడు. ఇవాళ దెబ్బ లేకుండా అన్నం తింటాననుకున్నాను.

అప్పుడు ఏడన్నాడు. ఏడేడులు నలభై తొమ్మిది. చివర తొమ్మిది రావాలి. ఆ ఆరంకెల్లో తొమ్మిది లేదు. తెలియదని చెప్పడానికి భయమేసి, మళ్లీ మొదటికొచ్చి 142857 అన్నాను.

నాన్న గుణించాడు. వరసగా ఆరు తొమ్మిదులు వచ్చాయి.

"ఒకటితోటి గుణించినా ఏడుతోటి గుణించినా ఒకటేనేటే?" అంటూ లేచాడు.

మొదటి దెబ్బ నా మెడ మీద పడింది. రెండోసారి బకిల్ వైపు తిప్పి విసిరాడు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. వేలు విరిగిన చప్పుడు విన్నాను. సుద్ద అంకెల మీద రక్తం పడింది.

"తప్పు నాది బావా. ఆరు దాకా సేసినాను. ఏడు సూడలేదు. నాకు తెల్దు."

మా ఇంట్లో నాన్న ముందు తెలియదన్న మాట ఎవరూ అనగా నేను వినలేదు. ఆమెను ఇంకో దెబ్బ కొట్టాడు. ఆమె మళ్లీ అదే అంది. అప్పుడు అమ్మ వచ్చి బెల్టు పట్టుకుంది. నాన్న తినకుండానే బయటికి వెళ్లిపోయాడు.

ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చాక పిన్ని ఆ లెక్క నాతో మళ్లీ చేయించింది. ఏడేడులు నలభై తొమ్మిది, తొమ్మిది వేసి చేతికి నాలుగు. ఏడైదులు ముప్పై ఐదు, నాలుగు కలిపితే ముప్పై తొమ్మిది, మళ్లీ తొమ్మిదే. చివరిదాకా అంతే.

"తెల్దంటే తెల్దని సెప్పు," అంది. "ఆ తర్వాత సేసి సూడు."

నాన్న కొట్టడం మానలేదు. కానీ ఆ తర్వాత నేను లేని జవాబు చెప్పి దెబ్బ తినలేదు. తెలియదని చెప్పి తిన్నాను.

పిన్ని పోయి మూడేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా నాకు రాని లెక్క అడిగితే ముందు నా భుజాలు ముడుచుకుంటాయి. ఆ తర్వాతే నోరు తెరిచి, తెలియదు, చేసి చూస్తాను అంటాను.