చెవి పట్టుకున్న పాప

సూరత్ బస్టాండులో నా పక్కన ఒకామె, ఏడేళ్ల పాప కూర్చున్నారు. పిల్లల లెహంగాల ప్రకటనకు ఫొటోలు దిగి వస్తున్నారట. పాప ముఖాన మేకప్ ఇంకా పోలేదు.

"మీ అమ్మాయా?" అన్నాను.

"కాదమ్మా, పక్కింటోళ్ల పిల్ల. తల్లికి కార్ఖానాల సెలవియ్యరు. నేను తోడు పోత."

"అక్కడ మీరేం చేస్తారు?"

"అలిసినా ఈ పిల్ల చెప్పదు. జర చెవి పట్టుకో అని నేర్పిన. పట్టుకుంటే, బాత్రూం అని బయటికి తీస్కపోత. బాత్రూంకు ఎవలూ వద్దనరు గద."

భలే ఉపాయం అనుకున్నాను. పాపను పేరు, బడి, తరగతి అన్నీ అడిగాను. "ఫొటోలో ఎలా నవ్వుతావో చూపించవూ?" అన్నాను.

తల కాస్త వంచి చక్కగా నవ్వింది. నవ్వుతూనే చెవి పట్టుకుంది.

"బాత్రూంకు పోయొస్తమమ్మా," అంటూ ఆమె లేచింది.