అందరికీ అర్థమైన పాఠం

హైస్కూల్లో ఆర్థికశాస్త్రం చెప్పే ఆయన్ని పిల్లలు వడ్డీ మాస్టారు అనేవాళ్లు. ఆయన ఏనాడూ ఎవరికీ పైసా వడ్డీకి ఇచ్చినవాడు కాదు. చక్రవడ్డీ గురించి చెప్పేటప్పుడు చేతులు గిరగిరా తిప్పేవాడు, అంతే. పాఠం చివర "అర్థమైందా?" అని అడిగేవాడు. "అర్థమైంది మాస్టారూ!" అని ఒక్క గొంతుతో అరిచి పిల్లలు గంట కోసం చెవులు రిక్కించేవాళ్లు. తను చెప్పిన ఒక్క ముక్కయినా బడి గేటు దాటి వెళ్తోందా అని ఆయనకు బెంగ.

ఒకసారి దాటింది. అదే కొంప ముంచింది.

ఆ రోజు బ్యాంకుల పాఠం. మనం వేసిన డబ్బును బ్యాంకు వేరేవాళ్లకు అప్పుగా ఇస్తుందని, అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదని చెప్పాడు. పిల్లల మొహాల్లో అర్థమైన జాడ లేదు. ఉదాహరణ చెబితే తలకెక్కుతుందనుకున్నాడు.

"మన బజారులో చిన్న బ్యాంకు లేదూ? రేపు పొద్దున్నే ఊరంతా దాని మీద పడిందనుకోండి. మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. అర్థమైందా?"

ఆ బ్యాంకులో క్యాషియరు ఆయన కూతురే. రోజూ ఇంట్లో వినే మాట కాబట్టి నోటికి అదే వచ్చింది.

పిల్లలు ఇంటికెళ్లి సగం పాఠం ఒప్పజెప్పారు. "రేపు మధ్యాహ్నానికి బ్యాంకు మూసేస్తారట. మాస్టారు చెప్పారు." పెద్దవాళ్లు మొదట నవ్వి ఊరుకున్నారు. అంతలో ఎవరికో మాస్టారి కూతురు గుర్తొచ్చింది. సొంత కూతురు అక్కడ పనిచేస్తుంటే తండ్రికి తెలియకుండా ఉంటుందా?

పొద్దున్నే కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఇక్కడ జనం ఎగబడుతున్నారు. మీరేదో చెప్పారంటున్నారు. మీరు మాత్రం రాకండి."

తప్పు తనదైతే రాకుండా ఎలా ఉంటాడు? చెప్పులేసుకుని పరుగెత్తాడు. క్యూలో వాళ్లు ఆయన్ని చూశారు.

"అదిగో, మాస్టారు కూడా డబ్బు తీసుకోవడానికి వచ్చేశాడు!"

ఇక క్యూ లేదు, ఏమీ లేదు. ఆయన మెట్లెక్కి నెత్తీ నోరూ బాదుకున్నాడు. "అది పాఠం బాబూ! ఉత్త ఉదాహరణ!" వినేదెవరు? బడి ఊడ్చే ఆయా ఆయన చొక్కా పట్టుకుంది. కంటి ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బంతా లోపలుంది. "నాకొక్కదానికి ముందు ఇప్పించండి మాస్టారూ, లోపలుంది మీ అమ్మాయేగా!" అద్దం వెనక కూతురు తలెత్తకుండా నోట్లు లెక్కపెడుతూనే ఉంది. మధ్యాహ్నం కాకముందే అవీ అయిపోయాయి. షట్టరు దించేశారు. ఆయా బయటే ఉండిపోయింది.

సాయంత్రం కూతురు ఇంటికొచ్చింది. నాలుగు తిట్టినా ఆయనకు బాగుండేది. ఆమె బ్యాగు మేకుకు తగిలించి, "ఈసారి అందరికీ అర్థమైంది నాన్నా" అని లోపలికెళ్లింది.

బ్యాంకు మళ్లీ తెరవలేదు. కూతురి ఉద్యోగం పోయింది. రిటైరయ్యేదాకా మాస్టారు క్లాసులో ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. ఆఖరి గంట కొట్టాక ఆయా గోడ తడుముకుంటూ గది ఊడవడానికి వచ్చేది. తను ఆమెకు కనపడడని తెలిసినా, ఆమె పక్కనుంచి తల దించుకునే వెళ్లిపోయేవాడు.